సాయన్న మేస్త్రి బోర్డు మీద మొదటి వరుస

ఫోన్‌లో వినోద్ తెలుగులో మాట్లాడగానే ఏదో కీడు జరిగిందని తెలిసిపోయింది. మా చాల్‌లో అంటే ఈ వరుసగదుల పాత మేడలో పక్క గదివాడే, నాకంటే రెండేళ్లు చిన్న. బుద్ధెరిగినప్పటి నుంచీ మేమిద్దరం మరాఠీలోనే మాట్లాడుకుంటాం, మరాఠీలోనే పోట్లాడుకుంటాం. అలాంటివాడు మూడు వారాల కిందటి బుధవారం నేను పనిచేసే బడికి విరామవేళ ఫోన్ చేసి, "అక్కా, సాయన్న తాత పోయిండు. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే ఒరిగిపోయిండు" అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మొదట వచ్చింది కోపం. ఆదివారం నా వాదన వింటానని మాటిచ్చిన మనిషి, వినకుండా ఎలా వెళ్లిపోతారు? ఆ కోపం కన్నీరయ్యేసరికి గంట కొట్టారు. ముఖం కడుక్కుని క్లాసుకు వెళ్లాను.

కామాటిపురలో తాపీ మేస్త్రి సాయన్న గారిని ఎరగని తెలుగు ఇల్లు లేదు. ఆయన తాత పాలమూరు వైపు నుంచి ఈ నగరానికి రాళ్లు మోయడానికి వచ్చారు. తండ్రి గోడలు కట్టారు. ఈయన జుట్టు నెరిసేదాకా తాపీ పట్టి, ఒకనాడు పరంజా మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుని, మా మూడో అంతస్తు వరండాలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో స్థిరపడ్డారు. ఆయన కట్టిన మేడల మీద ఆయన పేరు ఎక్కడా ఉండదు. చాల్ పిల్లలం మా అందరికీ మాత్రం ఆయన సూపర్‌హీరో సినిమాలకు స్థానాలు నిర్ణయించే ధర్మాధికారి. నవ్వొస్తే నవ్వండి. ఆయనా నవ్వేవారు, కాని తీర్పు మాత్రం మార్చేవారు కాదు.

ఆ స్థానాలు రాసే బోర్డు పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఏ సినిమా గొప్పదని వరండాలో మేం ఆరేడుగురం సగం హిందీలో, సగం మరాఠీలో గొంతులు చించుకుంటున్నాం. సాయన్న తాత భార్య నర్సవ్వ బియ్యం ఏరుతూ, "ఏంది బిడ్డా, ఎవల్ని ఎవలు కొట్టిండ్రు? గంత లొల్లి దేనికి?" అని అడిగింది. ఆమెకు తెలుగు తప్ప మరో భాష రాదు. ఒక్కరికీ ఆమెకు కథ చెప్పేంత తెలుగు లేదు. ఆమె మళ్లీ బియ్యంలోకి తలదించుకుంది. తాత ఆ సాయంత్రం పాత అలమారా తలుపొకటి ఊడదీసి నల్లరంగు వేశారు.

మరుసటి ఆదివారానికి ఆ తలుపు మీద సుద్దముక్కతో పది వరుసలు గీసి ఉన్నాయి. నియమం ఒక్కటే. ఎవరి సినిమా పైకి ఎక్కాలన్నా, దాని కథ నర్సవ్వకు తెలుగులో చెప్పి ఒప్పించాలి. తాత ఎదురు వాదిస్తారు. నర్సవ్వ "సమజయింది, మంచిగున్నది" అంటేనే పేరు పైకి జరుగుతుంది. ఆమె వాటిని ఎగిరేటోళ్ల సిన్మలు అనేది. పేర్లు కూడా తెలుగులోనే రాయాలి కనుక మా బోర్డు మీద ఇనుప మోచేయోడు, రెక్కల పిల్ల, వానలాపేటోడు వంటి ఘనులు కొలువుదీరారు. అసలు పేర్లు ఇప్పుడు నాకే గుర్తులేవు.

నా మొదటి వాదన ఘోరంగా ఓడిపోయింది. రెక్కల పిల్లను మొదటి స్థానంలో కూర్చోబెట్టాలని నిలబడ్డాను. ప్రతి వాక్యానికీ ముందు 'ఆ తరువాత' అనబోయి 'మగ' అంటూ మరాఠీ మాట వచ్చేస్తోంది. వచ్చినప్పుడల్లా తాత చూపుడువేలు ఎత్తేవారు. ఏడుపు ఆపుకుంటూ నిలబడితే, "మగ గాదు బిడ్డా, అటెంక అను. అటెంక ఏమైంది, నిమ్మళంగ జెప్పు" అన్నారు. చెప్పలేకపోయాను. ఆ వారమంతా అమ్మ వెంటపడి దీన్నేమంటారు, దాన్నేమంటారు అని వేధించాను. బడిలో వెనకబడతానని నాతో తెలుగు మానేసిన మా అమ్మ, రొట్టెలు కాలుస్తూ ఒక్కొక్క మాటే తిరిగి ఇచ్చింది. రెండో ఆదివారం రెక్కల పిల్ల నాలుగో వరుసకు ఎక్కింది. పరీక్షల్లో మొదటి ర్యాంకు వచ్చినప్పుడు కూడా నేనంత గంతులు వేయలేదు.

తాత కొలమానం లోకంలో ఎవరిదీ కాదు. హీరో ఎంత ఎత్తు ఎగిరాడు, ఎంతమందిని చితకబాదాడు అన్నది ఆయనకు పట్టదు. ఎన్ని గోడలు కూల్చాడన్నదే లెక్క. థియేటర్‌లో అంతా ఈలలు వేస్తుంటే ఆయన ఒక్కరే, "అరే, ఆ కంబం జోలికి పోకురా సాలె!" అని తెర మీది వీరుణ్ణి తిట్టేవారు. ఇంటికొచ్చాక, "గిన్ని మేడలు కూలె. కట్టినోణ్ణి ఒక్కణ్ణన్న సూపెట్టిండ్రా? కూలగొట్టుడు ఒక్క గడియ పని. మా నాయిన ఒక్క మెట్ల వరుస కట్టనీకె వానకాలమంత పట్టింది" అని వాపోయేవారు. ఆయన మొదటి స్థానం ఏళ్ల తరబడి వానలాపేటోడిదే. ఆ సినిమా మొత్తంలో కూలింది ఒక్క ప్రహరీ గోడ, అదీ పాతది.

ఇనుప మోచేయోడి పతనం మా చాల్ చరిత్రలో ఒక ఘట్టం. వాడొక మేడను ఒక మూల పట్టి పైకెత్తుతాడు, లోపలివాళ్లు క్షేమంగా కిందికి దిగుతారు. వినోద్ దాన్ని తన్మయుడై వర్ణించాడు, నర్సవ్వ నోరు తెరుచుకుని వింది. తాత లేచి కుంటుకుంటూ మెట్ల కిందికి వెళ్లి, పదహారు ఇటుకలు పైకి తెప్పించి, వరండాలో చిన్న గది పేర్చారు. "ఎత్తు బిడ్డా, మూలకు వట్టి ఎత్తు" అన్నారు. వినోద్ ఎత్తాడు. ఇటుకలు వాడి కాలి మీదే పడ్డాయి. నర్సవ్వ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, రెండో వరుసలో ఉన్న ఇనుప మోచేయోణ్ణి తొమ్మిదికి దించమంది. వినోద్ వారం రోజులు కుంటుతూ తిరిగాడు.

ఆయన సాధువు కారు, మొండిఘటం. పెద్దయ్యాక వినోద్ ఒకసారి ఫోన్‌లో ఏదో ర్యాంకుల పట్టిక చూపించి, ప్రపంచమంతా ఈ సినిమాకే మొదటి స్థానం ఇచ్చిందని దబాయించాడు. తాత అటు చూడను కూడా చూడకుండా, "ఆ ప్రపంచం వచ్చి మా నర్సికి జెప్పిందా?" అన్నారు. వాడితో నెల రోజులు మాట మానేశారు. నాతోనూ రెండుసార్లు అలిగారు. అలిగినా ఆదివారం నాలుగింటికి కుర్చీ బయటికి వచ్చేది, మేం కూడా మూతి ముడుచుకునే వెళ్లి కూర్చునేవాళ్లం.

ఏళ్లు గడిచాయి. జట్టులో కొందరు పెళ్లిళ్లయి వెళ్లారు, కొందరు దూరపు ఉపనగరాల్లో అద్దెకు దిగారు. చివరికి ఆదివారాలకు మిగిలింది నలుగురం: తాత, నర్సవ్వ, వినోద్, నేను. పదిమంది కేకలతో దద్దరిల్లిన వరండాలో తాత ఒక్కోసారి మెట్ల వైపే చూస్తూ ఉండేవారు. ఎవరైనా పైకి వస్తున్న చప్పుడైతే కుర్చీలో సర్దుకునేవారు. ఆ చూపు నాకిప్పుడు పదేపదే గుర్తొస్తోంది.

రెండు నెలల క్రితం నేనొక సినిమా చూశాను. అందులో హీరో ఒక స్త్రీ. ఎగరలేదు, నిప్పులు కక్కలేదు, ఎవరినీ కొట్టదు. ఎంత బరువైనా మోయగలదు, అంతే. చివర్లో ఒక మేడ కూలుతుంటే స్లాబు కింద వీపు పెట్టి నిలబడుతుంది. అందరూ బయటపడేదాకా నిలబడే ఉంటుంది. ఆ అరగంటా నాకు సాయన్న తాతే గుర్తొచ్చారు. ఇంటికి రాగానే, "తాతా, వానలాపేటోణ్ణి దించుతున్నా. మోసే తల్లి మొదటికి వస్తది" అని సవాలు విసిరాను. ఆయన కళ్లు మెరిశాయి. "సూడకుండ ఎట్ల ఎదురు జెప్త? నన్ను తీస్కపో. సూసినంక నీ సంగతి జెప్త" అన్నారు.

శనివారం మధ్యాహ్నం ఆటకు తీసుకెళతానన్నాను. ఆ శనివారం బడి పేపర్లు దిద్దడం పడింది. పై శనివారం అమ్మకు జ్వరం. ఆ తరువాత ఏ కారణమూ లేదు, బద్ధకం. ఆయన అడగలేదు. కనిపించినప్పుడల్లా, "మోసే తల్లి మంచిగున్నదా?" అని మాత్రం అనేవారు. చివరికి, సినిమా చూసినా చూడకపోయినా ఆదివారం నా వాదన వింటానని ఒప్పుకున్నారు. ఆ ఆదివారానికి నాలుగు రోజుల ముందు వినోద్ ఫోన్ వచ్చింది.

దినకర్మలు ముగిసేదాకా నేను బోర్డు వైపు చూడలేదు. అవి ముగిసిన మధ్యాహ్నం చూస్తే మొదటి వరుస ఖాళీగా ఉంది. వానలాపేటోడి పేరు శుభ్రంగా తడిగుడ్డతో తుడిచి ఉంది. ఇన్నేళ్లలో వాదన కాకుండా ఆయన ఏ పేరూ తుడవలేదు. నర్సవ్వను అడిగాను.

"పోయే ముందు దినం, మంగళారం, నన్ను దీస్కొని పోయిండు బిడ్డా ఆ సిన్మకు. కాలు నొస్తున్నా మెట్లెక్కిండు. రాంగనే గుడ్డ అడిగి తుడిచిండు" అంది.

"ఏమన్నడవ్వా? మంచిగున్నదన్నడా?"

"ఏమనలే. నేను గూడ అడిగిన. ఆ పిల్ల వచ్చి అడుగుతది, గప్పుడు జెప్త అన్నడు. నవ్వుకుంట పండుకున్నడు."

ఆ నవ్వు ఒప్పుకున్న నవ్వా, నన్ను చిత్తు చేసే ప్రశ్న దొరికిన నవ్వా? ఈ జన్మకు నాకు తెలియదు. ఒక్క శనివారం ఆయన పక్కన ఆ చీకటి హాల్లో కూర్చుని ఉంటే తెలిసేది. స్లాబు విరిగే వేళ ఆయన ఏమని అరిచారో విని ఉండేదాన్ని.

మొన్న ఆదివారం నాలుగింటికి నర్సవ్వ తానే కుర్చీ బయటికి తెచ్చి ఖాళీగా వేసింది. వినోద్ వచ్చాడు. ఎక్కడెక్కడికో వెళ్లిపోయిన పాతవాళ్లు కూడా ఐదారుగురు వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. నేను నిలబడి కథ మొదలుపెట్టాను. సగంలో ఎక్కడో 'మగ' అన్నాను. అలవాటుగా ఆగి కుర్చీ వైపు తిరిగాను. ఎవరూ వేలెత్తలేదు. "అటెంక" అని నేనే దిద్దుకుని, చివరిదాకా చెప్పాను. నర్సవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, "సమజయింది బిడ్డా. మంచిగున్నది. ఇగ రాయి" అంది. వినోద్ సుద్దముక్క అందించాడు.

నేను రాయలేదు. "తాత ఎదురు జెప్పలే గదవ్వా" అన్నాను. ఆమె సుద్దముక్క నా చేతిలోంచి తీసుకుని, ఆయన పెట్టే కిటికీ గూట్లోనే పెట్టింది.

సాయన్న తాతా, ఇది నేను తెలుగులో రాస్తున్న మొట్టమొదటి వ్యాసం. ఇందులోని ప్రతి మాటా నీ వరండా పెట్టిన భిక్ష. నీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నీలాంటి ప్రతివాది నాకు మళ్లీ దొరకడు. స్లాబు బరువంతా వీపు మీద పడితే మోకాళ్లెందుకు వంగలేదని అడుగుతావని నాకు తెలుసు. కింద నేల ఎందుకు కుంగలేదంటావు. ఆ మేడ కట్టినవాళ్లను చూపించారా అంటావు. అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకున్నాను, అన్నీ తెలుగులోనే. ఒక్కటైనా అడుగు తాతా.