తంబాకు వద్దన్న చంద్రమ్మ

చంద్రమ్మ అంటే నాకు పడదు. తర్వాత ఎవరూ నన్ను తప్పు పట్టకుండా ముందే చెబుతున్నాను. దంతాలపల్లికి మూడు మైళ్ల దూరంలో మా ఇద్దరిదీ ఒకటే ఊరు, ఒకటే వాడ. చిన్నప్పటి నుంచి ఆమె నోటికి జడిసి బతికినవాణ్ని. మొగుడు పోయాక నాట్లకు, కోతలకు ఇరవై మంది ఆడవాళ్లను వెంటేసుకుని తిరిగేది. కూలి తగ్గించిన ఆసామిని ఏడు తరాలు కలిపి గట్టు మీద నిలబడి తిట్టేది. పనిలో మాత్రం వంక పెట్టడానికి వీల్లేదు. కుడి దవడలో ఎప్పుడూ తంబాకు ఉండాల్సిందే. లేచీ లేవగానే అరచేతిలో పొగాకు నలిపి, సున్నం రాసి దవడకు పెట్టుకునేది. పడుకునే దాకా అది అక్కడే ఉండేది.

లోకంలో ఎవరితోనూ ఆమెకు పొసగదు గానీ, అసలు పగ తమ్ముడు వెంకన్న మీద. వెంకన్న ఊరి సుంకరి. పట్వారీ పిలిచినా పోలీసులు పిలిచినా ముందు నడవాల్సిన గ్రామసేవకుడు. అరవై తొమ్మిదిలో చంద్రమ్మ కొడుకు పోశాలు వరంగల్‌లో చదువుకుంటూ తెలంగాణ ఉద్యమంలో తిరిగాడు. బస్సు అద్దాలు పగలగొట్టాడని పోలీసులు ఊరికి వచ్చారు. ఇల్లు చూపించమని వెంకన్నను అడిగారు. వాడు ఇల్లు చూపించి ఊరుకోలేదు, పోశాలు గడ్డివాములో దాక్కున్నాడని కూడా చెప్పాడు. పోశాలు నెలన్నర జైల్లో ఉన్నాడు. పరీక్ష పోయింది, తర్వాత చదువే పోయింది. చివరికి బొగ్గుబాయిలో పనికి దిగాడు.

పోశాలును పట్టుకుపోయిన రోజే చంద్రమ్మ దోసిలినిండా దుమ్ము తీసి తమ్ముడి వాకిట్లోకి ఎత్తిపోసింది. "వాముల ఉన్నడని జెప్పిన నీ నోట్ల పురుగులు వడ," అంది. వాడంతా విన్నది. ఆ రోజు నుంచి అక్కాతమ్ముళ్లకు మాటలు బందయ్యాయి.

నేను తాలూకా దవాఖానలో డ్రెస్సర్‌గా చేరాను. కట్లు కట్టడం, ఆపరేషన్ బల్ల దగ్గర సామాను అందించడం నా పని. డెబ్బై ఏడు వానకాలంలో ఒక రోజు చంద్రమ్మ వచ్చింది. కారం తగిలితే దవడ మండుతోందట. అప్పుడు మాకు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన డాక్టరు ఉండేవాడు. చేతిపని మంచిది, మాటే మంచిది కాదు.

"ఎన్నేళ్ల నుంచి నములుతున్నావమ్మా?" అని అడిగాడు.

"నమలుడు లేదు. పెట్టుకునుడే."

"పెట్టుకునుడే," అని ఆయన ఆ మాటను సాగదీసి నవ్వాడు.

"నా మాట మీద నవ్వుడు బంద్ జేసి నోట్ల జూడు. గందుకే గదా సర్కారు నీకు జీతమిచ్చేది," అంది చంద్రమ్మ.

డాక్టరు మొహం మాడిపోయింది. నాకు లోపల హాయిగా అనిపించింది. ఆమె తిట్టు నాకు నచ్చింది ఆ ఒక్కసారే.

దవడ లోపల రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చ ఉంది. "సున్నం గొట్టింది, గంతే," అంది చంద్రమ్మ. మా దగ్గర అందరూ అనే మాటే అది. సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుంది, నాలుగు రోజులు ఆకును రెండో దవడకు మారుస్తారు, దవాఖానకు ఎవరూ రారు. డాక్టరు మచ్చను గుడ్డతో గట్టిగా తుడిచాడు, పోలేదు. వేలితో నొక్కి చూశాడు. సున్నం పొక్కు వారంలో మానుతుందని, ఇది లోపలి పొర మందమెక్కి మారిపోయిందని, ఇప్పటికి క్యాన్సర్ కాకపోయినా వదిలేస్తే కావచ్చని చెప్పాడు. చిన్న ముక్క తీసి వరంగల్ పంపాడు. పది రోజులకు కాగితం వచ్చింది. క్యాన్సర్ ఇంకా కాలేదు, కానీ ఆ దారి పట్టింది. మచ్చంతా కోసి తీసేయాలన్నాడు.

దవడ మొద్దుబారడానికి సూది వేసి, మచ్చ చుట్టూ బాగున్న చోటు కూడా కొంచెం కలుపుకుని ఆ పొరను కోసి తీశాడు. అంచులు దగ్గరికి లాగి కుట్లు వేశాడు. అరగంట సేపు ఆమె మూతి లాగి పట్టుకున్నది నేనే. ఆమె చప్పుడు చేయలేదు. కళ్లతో మాత్రం నన్ను తిడుతూనే ఉంది. తర్వాత వారం రోజులు జావలా పల్చటి గట్క, ఉప్పు నీళ్లతో పుక్కిలింత. కోసిన చోటు బిగుసుకుపోకుండా రోజూ మూడు వేళ్లు పట్టేంత నోరు తెరిపించాలి. ఆ పని చేయిస్తుంటే నా వేలు కసుక్కున కొరికింది. పైగా చచ్చిపోయిన మా అవ్వను తిట్టింది. మా అవ్వ ఏం చేసిందని?

ఇంటికి పంపే రోజు డాక్టరు గట్టిగా చెప్పాడు. "మళ్లీ పొగాకు ముట్టావంటే ఇంకోచోట వస్తుంది. అప్పుడు నా దగ్గరికి రావద్దు." చంద్రమ్మ మానేసింది. ముప్పై ఏళ్ల అలవాటును ఒక్క పూటలో వదిలేసింది. ఆ మాట ఒప్పుకోక తప్పదు.

దవాఖాన గేటు దగ్గర నా అంగీ పట్టుకుంది. "రాజమల్లు, నోట్ల కోసిన్రని ఊళ్లె ఎవ్వనికి జెప్పకు. తమ్మున్ని నోట్ల పురుగులు వడ అని తిడితి. గవి దీనికే వడ్డయని నవ్వుతరు. జెప్పినవంటే నీ పీక పిసుకుత."

చెప్పనన్నాను.

మరుసటి ఎండాకాలం వెంకన్న బిడ్డ పెండ్లి కుదిరింది. మేనత్త లేని పెండ్లి ఏం బాగుంటుందని పెద్దమనుషులు ఇద్దరినీ కూర్చోబెట్టారు. మా వాడలో పగ తీరిందనడానికి ఒక పద్ధతి ఉంది. ఒకరు అరచేతిలో తంబాకు నలిపి చాపుతారు, రెండోవారు అందులోంచి చిటికెడు తీసి నోట్లో పెట్టుకుంటారు. దాంతో మాట కలిసినట్టు. తీసుకోకపోతే ఇక ఆ పంచాయితీ మళ్లీ ఎవరూ ఎత్తరు.

చంద్రమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. మేనకోడలి కోసం కొత్త ఇత్తడి చెంబు తెచ్చి ఒడిలో పెట్టుకుంది. కలవాలనే వచ్చింది, అది ఆమె మొహంలోనే కనబడుతోంది. వెంకన్న తిత్తి విప్పి ఆకు నలిపాడు, సున్నం రాశాడు. అరచెయ్యి అక్క ముందుకు చాపాడు.

"తప్పయింది అక్కా. తీస్కో."

చంద్రమ్మ చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది. తల తిప్పి నా వైపు చూసింది. నేను గోడ పక్కనే కూర్చున్నాను. డాక్టరు వద్దన్నాడని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నాకు కొరికిన వేలు గుర్తొచ్చింది, మా అవ్వ గుర్తొచ్చింది. చెప్పొద్దన్నది నువ్వే కదా, అనుభవించు అనుకున్నాను. నాకు సంతోషంగా కూడా ఉంది, దాచడం ఎందుకు.

"నాకొద్దు," అని చంద్రమ్మ లేచింది. చెంబు అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

వెంకన్న ఆ తంబాకునంతా తన నోట్లోనే వేసుకున్నాడు. చెంబు తీసి ఆమె వెనకాల వాడలోకి విసిరాడు. పెండ్లి ఆమె లేకుండానే జరిగింది.

ఎనభై ఒకటిలో వెంకన్న దవాఖానకు వచ్చాడు. ఎడమ దవడ వాచి ఉంది, మెడ కింద గడ్డలు చేతికి తగులుతున్నాయి. "బిడ్డ పెండ్లప్పటి సంది తెల్ల మచ్చ ఉండె. సున్నం గొట్టిందనుకున్న," అన్నాడు. డాక్టరు ఆయనే. ఈసారి ఎవరి మాటా సాగదీయలేదు. నన్ను పక్కకు పిలిచి, హైదరాబాద్ పంపమని, అక్కడ కూడా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు.

నేను ఊరికి కబురు పెట్టాను. మర్నాడు మధ్యాహ్నానికి చంద్రమ్మ వచ్చింది. వరండాలో బెంచీ మీద కూర్చున్న తమ్ముడి ముందు నిలబడింది. వేలితో కుడి దవడ లాగి నోరు తెరిచింది. లోపల కోసి కుట్టిన గీత తెల్లగా ఉంది. వెంకన్న ముందుకు వంగి చాలాసేపు చూశాడు.

"ఎప్పుడు కోసిన్రు?"

"నీ బిడ్డ పెండ్లికి ముందటేడు. తంబాకు ముట్టద్దన్నరు."

"ఆ దినం గీ నోరు తెరిస్తే అయిపోవు గదా అక్కా. నేను సుత గప్పుడే దవాఖానల సూపెట్టుకుందు," అన్నాడు వెంకన్న. పన్నెండేళ్లలో వాడు ఆమెను అక్కా అని పిలవడం అది రెండోసారి.

వెంకన్న నా వైపు తిరిగాడు.

"నీకు ఎరికేనా రాజమల్లు?"

"ఎరికే," అన్నాను.

చంద్రమ్మ తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. ఆమె తిట్టలేదు.