బావి నీళ్ల రుచి

నిన్న ధర్మవరంలో ఒక హోటలువాళ్ల కరెంటు రోలుకు మోటారు బిగించాను. బేరింగులకు క్రమం తప్పకుండా నూనె వేయాలని చెప్తే యజమాని వెంటనే సరేనన్నాడు. పక్కన పులుస్తున్న పిండి వాసనకు మా అమ్మ గుర్తొచ్చి ఒళ్లు మండింది.

నా చిన్నప్పుడు అమ్మ హిందూపురంలో ఒక హోటలు వంటింట్లో దోసెల పిండి రుబ్బేది. ఒకరోజు నేనూ అక్కడే ఉండగా, తినడానికి వచ్చినాయన, "ఏమప్పా, మీ దోసెకు ఇంత రుచి ఎట్లొస్తాది?" అని యజమానిని అడిగాడు.

"అంతా మా బావి నీళ్ల మహిమప్పా!"

అదే అదననుకుని అమ్మ లేచి వచ్చింది. "సామీ, కూలి కొంచెం పెంచండి. రుబ్బి రుబ్బి చేతులు పడిపోతాండాయి."

"రుచి నీళ్లదని చెప్తాండా కదమ్మే! రాయి తిప్పేదానికి ఎవురైనా వస్తారు," అన్నాడు యజమాని.

నేను ఆ మాట నమ్మేశాను. ఇంటికొస్తూ దారిలో, "అమ్మా, ఆ నీళ్లు ఒక బిందె తెచ్చుకుంటే మనమూ దోసెలు పోసుకోవచ్చు," అన్నాను.

"నీళ్లిస్తారులే నాయనా. బియ్యం, ఉద్దిబేడలు యాడ తెచ్చేది?" అంది అమ్మ.

రుచి నీళ్లదేనని నేను చాలా ఏళ్లు నమ్మాను. అమ్మ కూడా నమ్మిందేమో, కూలి పెంచమని మళ్లీ అడగలేదు.