వారం ఆగాలండీ

మా కొండపల్లి రామకోటేశ్వరరావుగారికి తొందరంటే గిట్టదు. ఎవరు పాత ఫోను పట్టుకెళ్లినా కళ్లజోడు సర్దుకుని, తీర్పు చెప్పే జడ్జిలా, "బూట్‌లోడర్ అన్‌లాక్ చెయ్యాలి. వారం ఆగాలండీ" అంటారు.

బూట్‌లోడరంటే ఫోను ఆన్ కాగానే అన్నిటికంటే ముందు లేచే కాపలావాడు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని తప్ప మరోదాన్ని లోపలికి రానివ్వడు. ఆ తాళం తీస్తే మూలన పడ్డ ఫోనులో కూడా కొత్త ఆండ్రాయిడ్ ఎక్కించొచ్చు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో రిటైరైన దగ్గర్నుంచీ ఈయనకు అదే పని, అదీ ఉచితంగా.

"వారం ఎందుకండీ?" అంటే, "కంపెనీ రూలు" అనేవారు.

"పెళ్లిచూపులప్పుడూ ఇంతే. ఈయన సరేననేలోగా మా నాన్న ఇంకో సంబంధం కూడా చూసొచ్చాడు" అనేవారు కాఫీ ఇస్తూ వాళ్లావిడ రావమ్మగారు.

ఓసారి హనుమాన్ జంక్షన్లో చేపలమ్మే సుధామణిని నేనే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను.

"ఆర్డర్లొచ్చే యాప్ ఇందులో ఇంక పన్జెయ్యదంటండీ. బేరాలు పోతాయి. ఇయ్యాలే చేసిపెట్టండి" అంది.

"తాళం తీస్తే ఫోనులో ఉన్నదంతా చెరిగిపోతుందమ్మా."

"ఏవుందండీ అందులో, అంతా చెత్తే!"

"వారం ఆగాలి."

సుధామణి గొణుక్కుంటూ ఫోను అక్కడే వదిలి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఇంటికెళ్లి నెట్‌లో వెతికితే, ఆ మోడల్‌కి అసలు అలాంటి రూలే లేదు! రెండ్రోజులు బిగబట్టుకుని, దెబ్బలాడదామనే వెళ్లాను.

"అలాంటి రూలేం లేదయ్యా" అని తాపీగా ఒప్పుకున్నారాయన. "అందరూ చెత్తేనంటారు. ఏముందో గుర్తు రావద్దూ?"

నేను నోరు తెరిచేలోగా బయట ఆటో ఆగింది. సుధామణి పరుగెత్తుకొచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"చెరిపేశారా అండీ? మా అత్త నాంచారమ్మ మెసేజులున్నాయండీ అందులో. రాయడం రాదుగా, పోయేదాకా గొంతుతోనే తిట్టి పంపేది!"

ఆయన సొరుగులోంచి ఫోను తీసి చేతికిచ్చారు. ఆవిడ ఓ మెసేజు వెతికి నొక్కింది.

"ఏమే సుధామణీ! పులుసులో ఉప్పేశావా, సముద్రం పోశావా?"

"ఎక్కువైతే నీళ్లు తాగత్తా!" అంది సుధామణి, అలవాటు కొద్దీ. అని, కళ్లు తుడుచుకుంటూ ఫక్కున నవ్వింది. ఆ క్షణంలో రామకోటేశ్వరరావుగారి మీద నాకు ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

ఆయన మాత్రం నవ్వలేదు. నాంచారమ్మ తిట్లన్నీ ఒక్కటీ పోకుండా మెమరీ కార్డులోకి ఎక్కించారు.

"ఇంకేం, తాళం తీసేయండి" అన్నాను.

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "ఇంకేమైనా గుర్తు రావచ్చు. మళ్లీ వారం ఆగాలండీ. అందాకా నా ఫోను వాడుకోమ్మా, బేరాలు పోనివ్వకు."

లోపల్నించి రావమ్మగారు అరిచారు. "మరి నేను మీకు ఫోన్ చెయ్యాలంటే?"

"వారం ఆగు."