తలకెక్కిన కెరటాలు

ఇవాళ మా దీవిలోని ఫీనిక్స్ బే జెట్టీలో, ఓడ టికెట్ల క్యూలో ఒకావిడ కూతురి అలల జుట్టును దువ్వుతోంది. ఆ పిల్ల పెట్టిన కేకకు నా చిన్నతనం గుర్తొచ్చింది.

నాదీ అలాంటి జుట్టే. అమ్మ దువ్వెన పెట్టి లాగితే ప్రాణం పోయేది. "ఓడలో పుట్టావు కదా, కెరటాలు నీ తలకెక్కాయి" అనేవాడు నాన్న. నేను నిజమని నమ్మాను.

అందుకే మా చర్చి వాళ్లమంతా వండూర్ బీచ్‌కి పిక్నిక్‌కని వెళ్లినప్పుడు, తలకు తువ్వాలు చుట్టుకుని ఒడ్డునే కూర్చున్నాను. "అరే, జల్దీ రావే!" అని పిల్లలు పిలిచినా కదల్లేదు.

"ఏటే, నీళ్లంటే భయమేటి?" అంది నాన్నమ్మ.

"తడిస్తే కెరటాలు ఇంకా ఎక్కువైపోతాయి."

నాన్నమ్మ పగలబడి నవ్వి, ఎప్పుడూ విప్పని ముడి విప్పింది. తెల్లటి జుట్టు అలలు అలలుగా నడుం దాకా జారింది.

"నానేటి, ఓడలో పుట్టినానా? సిక్కోలులో పుట్టినాను. ఇది నా జుట్టే. మీ నాన్న చేత నీకు పంపినాను."

ఇద్దరం చేతులు పట్టుకుని సముద్రంలోకి పరిగెత్తాం. తర్వాత ఆమె నా తల మంచినీళ్లతో కడిగి, తడి మీదే కాస్త కొబ్బరినూనె రాసి, వేళ్లతో మెల్లగా చిక్కు తీసింది. ఆరేసరికి ఒక్కో పాయా మెరుస్తూ అందంగా మెలితిరిగింది.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తయ్యా?" అంది అమ్మ, ఆశ్చర్యంగా చూస్తూ.

"నువ్వడిగినావేటి?" అంది నాన్నమ్మ.

అమ్మది సాఫీగా జారే జుట్టు. నాతోపాటు ఆమె కూడా ఎంత అవస్థ పడిందో ఇప్పుడు అర్థమవుతోంది. ఆ సాయంత్రం బస్సులో నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, మేముండే బతు బస్తీ వచ్చేదాకా నా జుట్టులో వేళ్లు పోనిస్తూనే ఉంది.