తీసేసిన చివరి అక్షరం

నాలుగేళ్లుగా దీన్ని మోస్తున్నాను. జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్‌లో మా ఇంటి పోస్ట్‌బాక్స్ తాళం తీసేటప్పుడల్లా, ఆఫీసు కవరు వచ్చిందేమోనని ముందు అదే వెతుకుతాను. ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

నేను పనిచేసేది రక్తపరీక్షల ల్యాబ్‌లో. క్లినిక్‌ల నుంచి వచ్చే ప్రతి చీటీ మీదా ఒక కోడ్ ఉంటుంది, దాన్ని చూసి టైప్ చేస్తారు. ఆ కోడ్ తయారుచేసింది నేనే. మొదటి అక్షరం ఏ క్లినిక్కో చెబుతుంది. తర్వాత అంకెలు. చివర ఒక చెక్ అక్షరం. ఎక్కడ తప్పు కొట్టినా దానితో లెక్క కుదరదు, స్క్రీన్ ఎర్రబడుతుంది. ఎంట్రీ ఆలస్యమవుతోందని మేనేజర్ విసుక్కుంటే ఆ చివరి అక్షరం తీసేశాను. వేగం పెరిగింది. అందరి ముందూ మెచ్చుకున్నాడు.

తీసేసే ముందు నేనే టైప్ చేసి చూశాను. జర్మన్ కీబోర్డులో వై, జెడ్ మీటలు తారుమారుగా ఉంటాయి. ఇండియాలో నేర్చుకున్న వేళ్లు కదా, చూడకుండా కొడితే మూడుసార్లు ఒకదాని బదులు ఇంకొకటి పడింది. ఆ రెండూ రెండు క్లినిక్‌ల అక్షరాలు. అంటే నాకు తెలుసు. తెలిసీ, ఆ తప్పులు రాసుకున్న కాగితం చించేసి, ఇక్కడి వాళ్లకి అలవాటే కదా, ఎవరూ పొరబడరులే అని నాకు నేనే సర్దిచెప్పుకుని మేనేజర్ గదిలోకి వెళ్లాను. ఎందుకు? ఆ మెప్పు కోసమా? అంతకన్నా పెద్ద కారణం ఎంత వెతికినా కనబడదు.

తర్వాత హైదరాబాద్ నుంచి వచ్చిన షబానా ఎంట్రీ పనిలో చేరింది. అందరికన్నా వేగం. ఒకరోజు వై, జెడ్ తారుమారై ఒక ముసలావిడ రిజల్టు, ఇంకో క్లినిక్‌లో అవే అంకెలున్న ఇంకొకరి పేరు మీద వెళ్లింది. డాక్టరు అనుమానించి మళ్లీ రక్తం తీయించాడు కాబట్టి సరిపోయింది. మేనేజర్ షబానాని పిలిచి నిలదీశాడు. ఆమె బయటికొచ్చి నా టేబుల్ దగ్గర నిలబడింది.

“అన్నా, నేనైతే మంచిగనే కొట్టిన అనుకున్న. కోడ్‌ల ఏమన్న గడబిడ ఉన్నదా?”

“కోడ్‌లో ఏం లేదమ్మా. నువ్వే తొందరపడ్డావేమో.”

నమ్మింది. కొత్తవాళ్లని పరీక్షించి చూసే ప్రోబెత్సైట్ ఆరు నెలలు ఇంకా పూర్తికాలేదు, ఆ వారమే తీసేశారు. వీసా గడువులోగా వేరే పని దొరక్క వెనక్కి వెళ్లిపోయింది.

నేను భయపడి చెక్ అక్షరం మళ్లీ పెట్టాను. అదే సీట్లోకి కేరళ అమ్మాయి వచ్చింది. మొదటి రోజే వై బదులు జెడ్ కొట్టింది. స్క్రీన్ ఎర్రబడింది. నవ్వి, సరిచేసుకుని, టీ తాగడానికి వెళ్లింది.

అంతే. షబానాకీ అంతే జరగాల్సింది.

ఆ అక్షరం లేని నెలల్లో ఇంకెన్ని రిజల్టులు ఎవరెవరి పేర్ల మీద వెళ్లాయో ఎవరూ వెతకలేదు. వెతకమని నేనూ అనలేదు. తప్పు ఆమె వేళ్లది కాదు, నాది. రాసేశాను.