అరటికాయ పులుసులో ముళ్ళు

మా అత్తయ్య చేత ఒక్కసారైనా నా వంట బాగుందనిపించాలని ఇరవయ్యేడేళ్ళు ప్రయత్నించాను. చివరికి అనిపించాను. అనిపించకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడు ఏడుస్తున్నాను.

అత్తయ్యది దివిసీమ. పళ్ళు రాకముందే చేప తిన్న మనిషి అంటారు మా ఆయన. చెరువు చేపకీ కాలవ చేపకీ తేడా నోట్లో పెట్టుకోకుండానే, ఆవిరి వాసనకే చెప్పేసేది. నాటుకోడని చెప్పి ఫారం కోడి అంటగట్టిన కొట్టువాడి దగ్గరికి కూర గిన్నెతో సహా వెళ్ళి గొడవేసుకున్న చరిత్ర ఆవిడది. పటమటలో మా సందులో వాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని నవ్వుతారు. ఇక నా వంటకు వంక పెట్టని రోజు లేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కంచం అంచు మీద వేలితో రెండుసార్లు కొట్టేది. ఆ రెండు దెబ్బలయ్యాక తీర్పు. "ఉల్లిపాయ మాడింది." "ధనియాలు పచ్చిగున్నాయి." "ఎవరి మీద కోపంతో నూరావే ఈ మసాలా?" ఇన్నేళ్ళలో నాకు దక్కిన పెద్ద బిరుదు "పర్లేదు". అదీ రెండేసార్లు. రెండోసారి ఆవిడకు ఒళ్ళు కాలిపోయే జ్వరం, కాబట్టి అది లెక్కలోకి రాదు.

నిరుడు చలికాలంలో ఆవిడ గుండెకు స్టెంటు వేశారు. మాంసం, చేప, గుడ్డు, నెయ్యి, పాలు, పెరుగు అన్నీ మానెయ్యమన్నారు. గుండెపోటు ఇంకోసారి వస్తే తట్టుకోలేరని డాక్టరుగారు మా ఇద్దరినీ పక్కకు పిలిచి మరీ చెప్పారు. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి ఫోన్లో ఈ సంగతి చెబితే, "అంటే వీగన్ అన్నమాట. ఇప్పుడదే ఫ్యాషన్ అమ్మా" అంది. ఫ్యాషనో శిక్షో నాకు తెలియదు గానీ, ఒక ఇంట్లో కొడుక్కి కోడిపులుసూ తల్లికి బీరకాయా వండితే ఆ తల్లి ఊరుకుంటుందా? అందుకని ముగ్గురికీ ఒకటే వంట అన్నాను. మా ఆయన మొహం వేలాడేశారు.

అత్తయ్య మాత్రం వేలాడెయ్యలేదు, విరుచుకుపడింది. "ఓసినీ! బతకమని స్టెంటు వేసి, చావమని ఈ గడ్డి పెడతన్నారా?"

ఆ మాటతో నాకు పంతం పట్టుకుంది. మర్నాడే అరటికాయలను చేప ముక్కల్లా ఏటవాలుగా కోసి, ఉప్పూ పసుపూ కారమూ పట్టించి, పెనం మీద ఎర్రగా వేయించి, చిక్కటి చింతపండు పులుసులో వేశాను. వెల్లుల్లి, మెంతిపొడి, ఆఖర్న కొత్తిమీర. అచ్చం బొమ్మిడాయిల పులుసు పెట్టినట్టే పెట్టాను. అత్తయ్య ముక్క తుంచి, అలవాటు కొద్దీ ముల్లు కోసం వేళ్ళతో తడిమింది. తడిమి తడిమి నావైపు చూసింది.

"ముల్లు లేని చేప ఏ కాలవలో దొరికిందే పిల్లా?"

"తిని చూడండి అత్తయ్యా, తర్వాత మాట్లాడండి."

"ఇవాళ చేపని చెప్పి అరటికాయ పెట్టావు. రేపు మా అబ్బాయని చెప్పి ఎవర్ని తెచ్చి చూపిస్తావో!"

అందరం నవ్వాం. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

అప్పట్నుంచి రోజూ యుద్ధమే. పుట్టగొడుగుల ఇగురు చేస్తే చెప్పుల రబ్బరంది. మీల్‌మేకర్ వేపుడు చేస్తే గిన్నెలు తోముకునే స్పాంజంది. వేరుశనగ పాలు తోడుపెట్టి పెరుగు చేస్తే, "ఇది పెరుగా, గోడకేసే సున్నమా?" అంది. నాకు ఒళ్ళు మండేది, కానీ అబద్ధమెందుకు, పొద్దున్న లేవగానే ఇవాళ ఏం చేసి ఈవిడ నోరు మూయించాలా అన్న హుషారుతోనే లేచేదాన్ని. ఆవిడ కూడా పదకొండింటికే వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని, వాసన చూస్తూ కూర్చునేది. తిట్టడానికైనా ఆకలి వేస్తోంది కదా అని మా ఆయన సంతోషించారు.

వేసవి మొదట్లో ఒక ఆదివారం రైతుబజారులో లేత పనసకాయ దొరికింది. చేతులకు నూనె రాసుకుని, జిగురు తుడుచుకుంటూ గంటసేపు కోశాను. పెరుగు బదులు కొబ్బరిపాలలో నానబెట్టి, లవంగం, చెక్క, గసగసాలు, ఎండుకొబ్బరి స్వయంగా వేయించి నూరి, దమ్ బిర్యానీ చేశాను. పనస ముక్క విడదీస్తే కోడి ముక్కలాగే పోగులుపోగులుగా వచ్చింది. మూత తీస్తే పక్క ఫ్లాటావిడ తలుపు తెరిచి, "ఏంటండీ ఇవాళ స్పెషలు?" అని అడిగింది.

అత్తయ్య తింది. ఇంకొంచెం వేయించుకుంది. అప్పుడు తలెత్తి, "నాటుకోడేనా? బాగా ఉడికిందే. ఎక్కడ తెచ్చాడు అబ్బాయి?" అంది.

నా గుండె ఎగిరి గంతేసింది. తడుముకోకుండా, "అవునత్తయ్యా, నాటుకోడే" అనేశాను.

మా ఆయన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. తల్లి వైపే చూస్తున్నారు. తర్వాత నా వెనకే వంటింట్లోకి వచ్చి, "అమ్మకి తెలీకపోవడమేంటి? కంచం మీద వేలు కూడా కొట్టలేదు, చూశావా?" అన్నారు. నేను చూడలేదు. చూడలేదని ఒప్పుకోవడం ఇష్టంలేక కయ్యిమన్నాను. "ఏం, నా వంట ఒక్కరోజు బాగుండకూడదా? తల్లీకొడుకులు కలిసి నన్ను సంతోషంగా ఉండనివ్వరు కదా!" ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేను మంగళగిరిలో ఉన్న మా అక్కకు ఫోన్ చేసి, తాడిని తన్నేదాని తల తన్నానని గొప్పలు చెప్పుకున్నాను.

ఆ తర్వాత ఇల్లు నెమ్మదించింది. నాకు అర్థం కాలేదు గానీ, మరీ నెమ్మదించింది. మీల్‌మేకర్ కోడైంది, పుట్టగొడుగులు రొయ్యలయ్యాయి. ఏం పెట్టినా "బాగుందే" అనేది. ఒకరోజు, "మీ మావయ్యకి లెగ్‌పీసు తీసిపెట్టావా?" అని అడిగింది. మావయ్యగారు పోయి పదకొండేళ్ళు. ఏదో పరధ్యానంగా అందనుకున్నాను. ఇంకోరోజు చెయ్యి కడుక్కుని పావుగంట కాకముందే మళ్ళీ కంచం ముందేసుకుని, "ఇంకా అన్నం పెట్టవేంటే?" అంది. ఆకలి బాగా పుడుతోందనుకుని మురిసిపోయాను. ఒకసారి పులుసులో ఉప్పు వెయ్యడమే మర్చిపోయాను. మా ఆయనా నేనూ మొదటి ముద్దకే మొహాలు చూసుకున్నాం. అత్తయ్య మాత్రం గిన్నె వంచి వేసుకుని తింది. వయసు మీద పడింది, నాలుక మొద్దుబారింది అన్నాను నేను.

పరీక్షలకు వెళ్ళినప్పుడల్లా గుండె డాక్టరుగారు రిపోర్టులు చూసి నన్ను మెచ్చుకునేవారు. మేం గుండె గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని కాపలా కాస్తున్నాం. దొంగ దొడ్డిదారిన ఎప్పుడో లోపలికొచ్చేశాడు.

కార్తీకమాసం వచ్చింది. ఈ నెలంటే అత్తయ్యకు ఎంత పట్టింపో చెప్పాలి. మాంసం వండిన గిన్నెలు ముందురోజే తోమించి అటకెక్కించేది. ఆ ముప్పై రోజులూ ఇంట్లో గుడ్డు మాట ఎత్తితే ఊరుకునేది కాదు. మా అమ్మాయి చిన్నప్పుడు తెలియక గుడ్డు బిస్కెట్ తిందని దానికి మళ్ళీ తలంటి పోసిన మనిషి. మొదటి సోమవారం తెల్లవారుజామున ఘాటుకు తీసుకెళ్ళి కృష్ణలో నాలుగు చెంబులు పోయించాం, అరటిదొప్పలో దీపం వదిలించాం. ఉపవాసం వద్దని డాక్టరుగారు చెప్పారు కాబట్టి మధ్యాహ్నం ఉల్లి, వెల్లుల్లి లేకుండా పప్పూ కందకూరా వండాను.

తడి జుట్టు ముడేసుకుని, పెద్దబొట్టు పెట్టుకుని వచ్చి కూర్చుంది. కంచం చూసి మొహం చిట్లించింది. "నిన్నటి కోడిపులుసు మిగల్లేదా?"

నిన్నటిది మీల్‌మేకర్. "ఇవాళ కార్తీక సోమవారం అత్తయ్యా" అన్నాను.

"అయితే? ముక్క లేకపోతే ముద్ద దిగుద్దా? నాలుగు ముక్కలు వెయ్యి."

ఫ్రిజ్‌లోంచి తీసి, వేడిచేసి వేశాను. ఒక్కో ముక్కా నములుతోంది. నమిలి, పెదాల మధ్యనుంచి రెండు వేళ్ళతో ఏదో తీసి కంచం అంచున పెడుతోంది. మళ్ళీ నములుతోంది, మళ్ళీ తీసి పెడుతోంది. బొమికలు. కంచం అంచున ఏమీ లేదు. అయినా వరసగా పెట్టుకుంటూ పోతోంది. నేను గోడకు ఆనుకుని నిలబడి చూస్తున్నాను. పనసకాయను నాటుకోడని నేను నమ్మించలేదు. ఆవిడకు తేడా తెలియకుండా పోయింది, అంతే.

తలకు స్కాన్ తీశారు. కొత్త డాక్టరుగారు చిన్నవయసావిడ, నెమ్మదిగా మాట్లాడింది. మతిమరుపు జబ్బని, మొదలై కొంతకాలమైందని, తగ్గేది కాదని, మందులతో కాస్త నిదానించవచ్చని చెప్పింది. ముందు వస్తువులూ రోజులూ, తర్వాత మనుషులు మరపున పడతారట. "తేడా ఎప్పట్నుంచి గమనించారు?" అని అడిగింది. మా ఆయన నావైపు చూశారు. ఆ ఆదివారం గురించి చెప్పకుండా నేను స్కాన్ కవరు సర్దుకున్నాను. ఆరు నెలలకు పైగా అయింది. ఆ ఆరు నెలలూ నేను గెలిచానని సంబరపడుతూ ఉన్నాను. ఆయన ఒక్కమాటైనా అని ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చాక నాకు ఒక్కటే కావాలనిపించింది. ఆవిడ నన్ను తిట్టాలి. నేనెవరో తెలిసినంతకాలమే కదా తిట్టేది! కావాలని ఉల్లిపాయలు మాడ్చాను. ధనియాలు పచ్చివే నూరి పోశాను. ఒకరోజు పప్పు పలుకు మీదే దించేశాను. "బాగుందే" అంది, అన్నిటికీ. వంకాయ కూర ఉప్పు కషాయం చేసి పెడితే మా ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఇంక చాలు" అన్నారు.

కార్తీకం వెళ్ళిపోయింది. పోయిన వారం అరటికాయ పులుసు పెట్టాను. మామూలుగానే పెట్టాను, మనసు లేక ఉప్పు కాస్త తగ్గింది. మా ఆయన ఆఫీసుకు వెళ్ళిపోయారు. ఇంట్లో మేమిద్దరమే. అత్తయ్య ముక్క తుంచింది. వేళ్ళతో తడిమింది. నోట్లో పెట్టుకుంది. కంచం అంచు మీద వేలితో కొట్టింది. ఒకటి. రెండు.

"ఇది చేప కాదు" అంది.

నేను కుర్చీ ఆవిడ దగ్గరికి లాక్కున్నాను.

"అరటికాయ. ఎవర్ని మోసం చేద్దామని? ఉప్పు కూడా తక్కువే."

పెద్దగా నవ్వేశాను. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. "తక్కువే అత్తయ్యా, నాదే తప్పు, ఇంకా తిట్టండి" అన్నాను.

ఆవిడ కొంచెం మొహమాటంగా నావైపు చూసింది. "అయ్యో, ఏడవకండమ్మా. మిమ్మల్ని తిట్టాలని కాదు. కొత్తగా వంటకి కుదిరినట్టున్నారు, మా ఇంటి రుచి మీకెట్టా తెలుసుద్ది? మా కోడలొచ్చాక అడగండి, నేర్పుద్ది. దాని చేతి పులుసు తిన్న నోటికి ఇంకోటి ఎక్కదండీ." గుమ్మం వైపు ఓ చూపు చూసి గొంతు తగ్గించింది. "ఈ మాట దాంతో మాత్రం అనకండి. నెత్తికెక్కుద్ది."

"అననండీ" అన్నాను.

కంచం పక్కకు తోసేసింది. "అదొచ్చి వడ్డిస్తే తింటాను."

బతిమాలాను. ఒంటిగంట దాటింది, రెండయింది. అన్నం తిన్నాక వేసుకోవాల్సిన గుండె మాత్రలు గ్లాసు పక్కనే ఉన్నాయి. ఆవిడ చెయ్యి ఎండిపోయి పులుసు మరకలు కట్టింది, కడుక్కోదు. ఇంక ఏం చెయ్యాలో తోచక, ఆవిడ చూడకుండా బయటికి వెళ్ళాను. చెప్పులేసుకున్నాను. తలుపు దగ్గరికి లాగి, సొంత ఇంటికి కాలింగ్ బెల్ కొట్టి, తలుపు తోసుకుని లోపలికి వచ్చాను.

"వచ్చానత్తయ్యా. ఆలస్యమైంది. పదండి, అన్నం పెడతాను."

అత్తయ్య మొహం విప్పారింది. కుర్చీలోంచి సగం లేచింది. నన్ను దాటుకుని, నా భుజం మీదుగా మెట్ల వైపు చూస్తోంది. నేను తలుపు వెయ్యబోయాను.

"వెయ్యకండమ్మా, వెయ్యకండి" అంది కంగారుగా. "వెనకాలే మా కోడలొస్తంది."