తెల్ల కోట్ల మీద నల్లదారం

చీమ అసలు పేరు కుట్టు షాపులో ఎవరికీ గుర్తు లేదు. ఆమె చేతికుట్టు చూసి, "చీమలు బారు కట్టినట్టుందే!" అని మాస్టరు మొదట్లో ఎప్పుడో అన్నాడు. ఆ మాటే పేరై కూర్చుంది. మనిషి కూడా అంతే. పొట్టిగా, సన్నగా, ఎక్కడ కూర్చుందో తెలియనట్టు ఉండేది. "చీమా, ఎక్కడున్నావో చెప్పు తల్లీ, తొక్కేస్తాను," అని మిషన్ తొక్కే అన్న ఏడిపించేవాడు. తల ఎత్తకుండానే నవ్వేది.

ఆమెకి చూపు ఒక్కరోజులో పోలేదు. ముందు సూది బెజ్జం పోయింది. తర్వాత నీలం దారానికీ నల్లదారానికీ తేడా పోయింది. ఆ తర్వాత ఎదురుగా వచ్చే మనుషుల మొహాలు పోయాయి. కంటి నరం ఎండిపోయిందనీ, ఇక అద్దాలూ ఆపరేషన్లూ పనిచేయవనీ డాక్టరు చెప్పినప్పుడు, పక్కన కూర్చున్న అక్క ఏడ్చింది. చీమ ఏడవలేదు. షాపులో సగం కుట్టి వదిలేసిన లంగా అంచు ఎవరు పూర్తి చేస్తారా అని ఆలోచించింది.

అక్క పెళ్ళి చేసుకోలేదు. అమ్మా నాన్నా పోయాక చెల్లెల్ని పెంచింది తనే. చీమ కళ్ళు పోగానే బేకరీలో చేసే పని మానేసి ఇంట్లో కూర్చుంది. మేడ మీద గది అద్దెతో ఇల్లు గడిచేది. అన్నం కలిపి పెట్టేది, జడ వేసేది, బాత్రూం దాకా చెయ్యి పట్టుకుని నడిపించేది. చూసినవాళ్ళంతా, "అక్కంటే నీ అక్కేనమ్మా! కంటికి రెప్పలా కాస్తోంది," అనేవాళ్ళు. అక్క పైకి, "అయ్యో, నాదేముంది లెండి," అనేది. కానీ ఆ మాట విన్న పూట ఆమె నడకే మారిపోయేది. చీమకి ఆ నడక చప్పుడు తెలుసు.

అంధుల శిక్షణ కేంద్రం నుంచి టీచరమ్మ రావడం మొదలుపెట్టాక ఇంట్లో గాలి మారింది. టీచరమ్మకి కూడా చూపు లేదు. గుమ్మంలోకి వస్తూనే కర్రతో గడపని కొట్టి, "ఎవరండీ ఈ ఇంట్లో, పడుకుని తినేవాళ్ళు?" అని అరిచేది. చీమకి మొదట భయం వేసింది. తర్వాత ఆ గొంతు కోసమే ఎదురుచూసేది. పాలు పొంగే ముందు గిన్నె ఎలా సణుగుతుందో, కర్ర కొనతో గుంటని ఎలా పసిగట్టాలో, తల దగ్గర చీలిక ఉన్న సూదిలోకి దారాన్ని ఎలా నొక్కాలో ఆవిడే నేర్పింది. ఒక మాట మాత్రం ప్రతిసారీ చెప్పేది.

"నీ వస్తువు నువ్వే పెట్టు, నువ్వే తియ్యి. నీ సంచి నువ్వే సర్దుకో. ప్రేమ కొద్దీ అయినా సరే, ఇంకొకళ్ళని చెయ్యి పెట్టనివ్వకు."

"మా అక్కని కూడానా అండీ?"

"అక్క అయితే మరీనూ. పరాయివాళ్ళయితే అడిగి ముట్టుకుంటారు."

చీమ నవ్వేసింది. లోపల అక్క మాత్రం గిన్నెలు గట్టిగా పెట్టింది.

నేర్చుకోవడం అంత సాఫీగా సాగలేదు. ఒకరోజు వంటింటి దారిలో స్టూలు తగిలి మోకాలు చీరుకుపోయింది. ఒకరోజు ఎప్పుడూ ఉండే చోట పట్టకారు లేక పాలగిన్నెతో చెయ్యి కాల్చుకుంది. ఇంకోరోజు కర్రే కనిపించలేదు. అలాంటప్పుడల్లా అక్క పరుగున వచ్చి మందు రాసి, "ఎందుకే ఈ పాట్లు? నేను చచ్చానా?" అనేది. చీమ తన మతిమరుపుని తనే తిట్టుకునేది.

అయినా షాపు దాకా ఒక్కతే నడిచి వెళ్ళడం వచ్చేసింది. బేకరీ వాసన దగ్గర మలుపు, మందుల షాపు ఫ్యాను గాలి దగ్గర ఆగడం, తర్వాత మిషన్ల చప్పుడు. ఆమె గుమ్మంలో నిలబడగానే మాస్టరు కత్తెర చప్పుడు ఆగింది.

"పని కావాలి మాస్టారూ," అంది చీమ. "కుట్టు మిషన్ అడగను. గుండీలు, హుక్కులు, హెమ్మింగు. చేతిపని చాలు."

"ఒక పూట చేసి చూపించమ్మా. లేకపోతే జాలికి పని ఇచ్చానని రేపు నువ్వే నన్ను తిడతావు," అన్నాడు మాస్టరు. "ఆసుపత్రి వాళ్ళ కోట్లున్నాయి, తెల్లవి. కాజాలు కుట్టడం అయిపోయింది. గుండీలు కుట్టాలి. సోమవారం రా."

ఆ సోమవారం మీదే ఆమె బతుకంతా నిలబడింది. ఆ పూట గెలిస్తే షాపు. ఓడిపోతే మంచం, అక్క చేతి ముద్ద, "పాపం" అనే మాట.

సొంత దారాల సంచి సిద్ధం చేసుకుంది. రీళ్ళకి గుర్తులు ఎప్పుడో పెట్టుకుంది. తెల్లదారం రీలు బెజ్జంలోంచి తువ్వాలు గుడ్డ పేలిక, నల్లదానికి నున్నటి పట్టు పేలిక, నీలానికి గరుకు గోనె పేలిక. పేలిక కొసలు రెండూ కలిపి కుట్టేసింది. ముడి వెయ్యలేదు. ముడి ఉంటే లాగేటప్పుడు దారం దానికి తగులుకుంటుంది. ఆ మాత్రం తెలియని మనిషి కుట్టుపని చెయ్యడమెందుకు?

ఆదివారం సాయంత్రం అక్క దగ్గరికొచ్చి కూర్చుంది. "ఈ ఒక్కటన్నా నన్ను చెయ్యనివ్వవే. రేపటి నుంచి నీ దారి నీది. సంచి నేను సర్దుతాను," అంది. ఆ గొంతులో తడి ఉంది. చీమకి టీచరమ్మ మాట గుర్తొచ్చింది. అయినా అక్క మనసు నొప్పించడం ఇష్టంలేక చీమ సంచి ఇచ్చేసింది.

సోమవారం పొద్దున షాపులో కాజాలు కుట్టే వదిన ఇంకా రాలేదు. మాస్టరు కొలతలకి బయటికి వెళ్ళాడు. మిషన్ అన్న ముందుగదిలో ఉన్నాడు. చీమ వెనకగదిలో, కిటికీ వెచ్చదనం తగిలేచోట కూర్చుంది. తువ్వాలు గుడ్డ పేలిక తడిమి రీలు తీసింది. కాజాలోంచి గుండుసూది గుచ్చి కింది గుడ్డ మీద చోటు పట్టుకోవడం, గుండీ ఆనించడం, నాలుగు బెజ్జాల్లోంచి దారం పోనివ్వడం, గుండీ కింద మెడలా దారం చుట్టడం, ముడి. వేళ్ళు ఏదీ మరిచిపోలేదు. దారం ఒకట్రెండుసార్లు ఎక్కడో తగులుకుంది. తొందరలో పట్టించుకోలేదు. చాలా కాలం తర్వాత ఆమె కూనిరాగం తీసింది.

మాస్టరు వచ్చేసరికి కోట్లన్నీ మడిచి పక్కన పెట్టింది. ఆయన పైకోటు అందుకున్నాడు. ఇంకోటి అందుకున్నాడు. మిషన్ అన్న వెనకనుంచి తొంగి చూసి ఫక్కున నవ్వాడు.

"మాస్టారూ, డాక్టర్ల కోట్ల మీద ఈగలు వాలాయండీ!"

చీమ కూడా నవ్వింది, అది మెచ్చుకోలో వేళాకోళమో తెలియక. మాస్టరు నవ్వలేదు.

"నల్లదారంతో కుట్టావమ్మా," అన్నాడు మెల్లగా. "అన్నీ."

ఆమెకి తల తీసేసినట్టయింది. సంచీ, కర్రా తీసుకుని ఇంటికి వచ్చేసింది. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

అక్క గుమ్మంలోనే ఉంది. ఏమైందని కూడా అడగలేదు. దగ్గరికి తీసుకుని, "పోనీలేవే, పోనీలే. చెప్పానా? నీకు నేనున్నాను," అంది. ఆ పూట కూర చాలా రుచిగా చేసింది. చీమ నోరు తెరిచి తినిపించుకుంది. కర్ర తలుపు వెనక్కి పోయింది. టీచరమ్మ వస్తే ఒంట్లో బాగాలేదని అక్క చెప్పి పంపేసింది. చీమ మంచం మీద పడుకుని తన వేళ్ళని తనే అసహ్యించుకుంది. కళ్ళు మోసం చేశాయంటే అర్థం ఉంది. వేళ్ళు కూడానా?

కొన్నాళ్ళకి కాజాల వదిన చూడ్డానికి వచ్చింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. షాపు కబుర్లన్నీ ఏకరువు పెట్టింది.

"ఇక నాకెందుకు వదినా ఇవి, నువ్వు తీసుకుపో," అంటూ చీమ మేకుకున్న సంచి దించి రీళ్ళు ఒక్కొక్కటే ఇచ్చింది. గోనె పేలిక, పట్టు పేలిక. తువ్వాలు గుడ్డ పేలిక ఇస్తూ ఇస్తూ ఆగిపోయింది. వేలికి లావుగా ఏదో తగిలింది.

"వదినా, ఇది కుట్టా, ముడా?"

"ముడే. బియ్యం మూటకి వేసినట్టుంది. ఇదేం పని చీమా, నువ్వు ముడెయ్యడమేంటి?"

"రీలు రంగేంటి?"

"నలుపు."

చీమ పట్టు పేలిక వెనక్కి తీసుకుని తడిమింది. దానికీ ముడే. రెండింటినీ కత్తిరించి, మార్చి, మళ్ళీ కట్టారు. కుట్టలేదు. ఎందుకంటే కట్టిన మనిషికి సూది పట్టడం రాదు. నీలం రీలు గోనె పేలిక మాత్రం తన కుట్టుతో చెక్కుచెదరకుండా ఉంది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆ ఆగిపోవడమే చెప్పాల్సింది చెప్పేసింది.

వదిన మూతి బిగించుకుని, చెప్పులేసుకుని, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆవిడ జీవితంలో అలా వెళ్ళడం అదే మొదలు.

"అక్కా."

వంటింట్లో కుళాయి కట్టిన చప్పుడైంది.

"అక్కా, ఇలా రా."

అక్క వచ్చింది. కూర్చోలేదు.

"ఎందుకు?"

"నీ మంచికే," అంది అక్క. తర్వాత, "దారిలో ఏ బండి కిందో పడితే?" అంది. తర్వాత గొంతు మారిపోయింది. "నువ్వు పొద్దున్నే వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనేం చెయ్యను? బేకరీ వాళ్ళు మళ్ళీ రానిస్తారా నన్ను? నా వయసేంటి? నిన్ను చూసుకోవడం తప్ప నాకేం మిగిలిందే?"

చీమ ఇవేవీ వినలేదు. వెనక్కి లెక్క వేసుకుంటోంది.

"స్టూలు?"

"స్టూలు నేను కాదు," అంది అక్క వెంటనే. "ఒట్టు. స్టూలు మాత్రం నేను కాదు."

"పట్టకారు?"

అక్క అడుగు వెనక్కి పడింది.

"నా చెయ్యి కాలింది అక్కా."

"ఇంత కాలుతుందనుకోలేదు," అంది అక్క, వినీ వినపడనట్టు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని అమ్మ అంటుండేది. చీమకి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. కాలిన చేతికి మందు రాసిన వేళ్ళూ, పట్టకారు దాచిన వేళ్ళూ ఒకటేనన్న సంగతి ఎంత మింగినా గొంతు దిగలేదు. పడి లేచిన ప్రతిసారీ తనని తాను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చాయి. వాటిని ఎవరు తిరిగి తీసుకుంటారు?

మర్నాడు షాపుకి వెళ్ళేసరికి సంగతి అక్కడికి ముందే చేరిపోయింది. వదిన మూతి వీధి మలుపు దాకా కూడా బిగిసి ఉండలేదు. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మన చీమ వేలితో పట్టింది!" అంటోంది లోపల. చీమ అడుగు పెట్టగానే అందరూ నోరు మూసుకున్నారు. మిషన్ అన్న వచ్చి, "ఈగల మాట మనసులో పెట్టుకోకమ్మా," అని గొణిగాడు. మాస్టరు కోట్ల కట్ట తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"నాకో సొరుగు కావాలి మాస్టారూ. తాళంతో."

ఇచ్చాడు.

పని నిలిచింది. నిలవనిది ఇంకొకటి. రీలు తీసిన ప్రతిసారీ చీమ, "వదినా, ఇది తెలుపేనా?" అని అడిగేది. తెలుపేనని వదిన చెప్పేది. చీమ కాసేపాగి, మిషన్ అన్నని పిలిచి అదే అడిగేది. ఒకరోజు వదినకి ఒళ్ళు మండింది.

"నేనేం మీ అక్కనటే?"

"కాదు వదినా," అంది చీమ. "అందుకే రెండోసారి అడుగుతున్నాను. అక్కని ఒక్కసారి కూడా అడగలేదు."

వదిన దగ్గర మాటల్లేకపోవడం అది రెండోసారి.

వదిన వాళ్ళ పెరట్లో ఒక గది ఖాళీగా ఉంటే చీమ అందులోకి మారింది. గదిలో అన్నీ ఆమె చేత్తో పెట్టినవే. ఉప్పు ఎడమ, పంచదార కుడి, కర్ర తలుపు పక్కన, నీళ్ళ బిందె మూలన. చెయ్యి చాస్తే ఏది దొరకాలో అదే దొరికేది. టీచరమ్మ వచ్చి గదంతా కర్రతో కొట్టి చూసి, "బాగుంది. ఇక నాకు ఇక్కడ పనిలేదు," అని టీ తాగి వెళ్ళింది. ఒంటరిగా తిన్న మొదటి ముద్దలో ఉప్పు ఎక్కువైంది. అది తన తప్పే అని తెలిసి చీమకి ఎంతో హాయిగా అనిపించింది.

వానాకాలం మొదట్లో ఒక సెలవురోజు పెరట్లో అడుగుల చప్పుడైంది. కుడికాలు కొంచెం ఈడ్చే నడక. పుట్టినప్పటినుంచీ ఎరిగిన నడక. తలుపు బయట ఆగింది.

"ఎవరూ?" అంది చీమ.

బయట ఊపిరి చప్పుడు.

"నేనే."

"నేనంటే?"

"అక్కనే," అంది అక్క చివరికి. తన చెల్లెలి ఇంటి ముందు తానెవరో చెప్పుకోవాల్సి రావడం ఆ గొంతుకి అలవాటు లేదు.

"తలుపు తీసే ఉంది. చెప్పులు గోడవారగా విడువు."

అక్క లోపలికొచ్చి ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుంది. బేకరీ వాళ్ళు మళ్ళీ పనిలోకి తీసుకున్నారని చెప్పింది. చీమ సంతోషమంది. పొయ్యి వెలిగించింది. పాలు సణగడం మొదలుపెట్టగానే మంట తగ్గించింది. గ్లాసు తేవడానికి చెయ్యి చాచింది. అప్పుడు వెనకాల కుర్చీ కిర్రుమంది. అక్క లేచి, చీమ చేతికి అందేలా గ్లాసుని కాస్త ముందుకి జరిపింది. ప్రేమగానే జరిపింది. అందులో అనుమానం లేదు.

"అక్కా," అంది చీమ. "గ్లాసు ఉన్నచోట పెట్టెయ్యి."

గ్లాసు వెనక్కి వెళ్ళిన చప్పుడైంది. చీమ తన చోటునుంచి తన గ్లాసు తీసుకుని, టీ పోసి, అక్క చేతికి ఇచ్చింది. ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు.

అక్క వెళ్ళిపోయాక చీమ తలుపు గడియ పెట్టి, గదిలోని వస్తువులన్నీ ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. అయినా మళ్ళీ మొదటినుంచి తడిమింది.